అడ్డు మనిషి

నల్లా సన్నబడింది. బొటనవేలంత ధార చిటికెనవేలంతయింది. దాని కింద బిందె వంచి పెట్టి, కొంగు నడుముకు చుట్టి దోపుకుని నిలబడింది స్వరాజ్యం. ఎండ ఇంకా ఎక్కలేదు గానీ అమీర్‌పేట సందులో అప్పుడే ఉక్క. ఆ ఏడు, ఎనభై ఆరు వేసవిలో, నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. అవి ఎంతసేపు వస్తాయో వదిలేవాడికే తెలియాలి. వెనక వరుసలో ఉన్న ఆడవాళ్లు సణగడం మొదలుపెట్టారు.

“అరే స్వరాజ్యం, ఇంక ఎన్ని బిందెలు నీయి? మా ఇంట్ల తాగనీకె లేవు. మీ అయ్యగారేమో మనుషుల్ని ముంచనీకె బిందెల మీద బిందెలు మోయిస్తుండు,” అంది పక్కింటి బతూల్.

“ముంచుతడు, లేపుతడు గూడ. ఊకె నీ లెక్క ఒర్రుకుంట కూసోడు.”

“ఏమో, మనిషిని కడగనీకె ఒక చెంబు చాలదా?”

అందరూ నవ్వారు. స్వరాజ్యం కూడా నవ్వింది. బిందె నెత్తికెత్తుకుని సందు చివరి మందిరం వైపు నడిచింది.

మందిరమంటే పైన రేకులు, గోడలకు లేత నీలం సున్నం. ప్రసంగం చేసే చెక్క వేదిక కింద సిమెంటు తొట్టి ఉంది. మామూలు ఆదివారాల్లో దాని మీద చెక్కలు పరిచి, జంపఖానా వేసి, ఆ జంపఖానా మీద నిలబడి పాస్టరు దైవాధీనం గారు వాక్యం చెబుతారు. బాప్తిస్మాలున్న వారం చెక్కలు లేపి, తొట్టి కడిగి నింపాలి. కడిగేదీ నింపేదీ స్వరాజ్యమే. మందిరం ఊడ్చేదీ, ప్రభువు బల్ల అయ్యాక చిన్న చిన్న గాజు గ్లాసులు కడిగి గుడ్డ మీద బోర్లించేదీ ఆమే. ఆ గ్లాసుల్లో పోసే ద్రాక్షరసం తియ్యగా ఉంటుందో పుల్లగా ఉంటుందో మాత్రం ఆమెకు తెలియదు. బాప్తిస్మం లేనివాళ్ల ముందు పళ్లెం ఆగదు.

బిందె వంచి తొట్టిలో పోస్తుంటే పాస్టరు గారి భార్య కమలకుమారి వచ్చి తొంగి చూసింది.

“ఛాతీ దాకా రావాలి స్వరాజ్యం. కామరాజు గారు పొడగరి. మోకాళ్ల దాకా ఉంటే ఆయన్ని ఎలా ముంచుతారు?”

“వస్తయి అమ్మగారూ. ఇయ్యాల కొన్ని, ఎల్లుండి కొన్ని.”

కామరాజు గారు పంజగుట్టలో మేడలు కట్టించే కాంట్రాక్టరు. ఈ మధ్యనే రక్షణలోకి వచ్చారు. మందిరంలో తిరుగుతున్న కొత్త ఫ్యాన్లు ఆయనవే. అలాంటి పెద్దమనిషి నీళ్లలోకి దిగుతున్నాడంటే తొట్టి నిండకపోతే మాట దక్కుతుందా? దేవుడి పనికి నీళ్లు లేవనడం బాగుండదు కూడా. మోసేది ఇంకొకరైనప్పుడు ఇట్లాంటి మాటలు మహా సులువుగా వస్తాయి.

పాస్టరు గారు లోపలికి వచ్చి బల్ల మీద కూర్చున్నారు. స్వరాజ్యం తడి చేతులు కొంగుకు తుడుచుకుని ఆయన ముందు నిలబడింది.

“వందనాలు అయ్యగారూ. ఈ ఆదివారం నాకు సుత ఇస్తరేమో అని...”

ఆయన కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. దైవాధీనం గారు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే స్వరాజ్యం ఎప్పుడో నాలుగు తిట్టి ఈ చీపురు ఆయన గుమ్మంలో పడేసి పోయేది. జ్వరమొస్తే ఇంటికొచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసే మనిషి. బస్తీలో ఎవరింట్లో చావైనా ముందు వచ్చే మనిషి.

“మళ్లీ అదేనా స్వరాజ్యం? నేను ఇవ్వనన్నానా? ఆ బాబూ మియాని విడిచిపెట్టి రా. ఈ ఆదివారమే ఇస్తాను.”

“జబ్బు మనిషి అయ్యగారూ. కూసుంటె లేవలేడు, లేస్తె కూసోలేడు.”

“నీ భర్త ఎక్కడో బతికే ఉన్నాడు. నువ్వు ఇంకొకరితో ఉంటున్నావు. పెళ్లి చేద్దామన్నా నాకు వీల్లేదు. దీన్ని పాపం అనకుండా ఏమనమంటావు, నువ్వే చెప్పు.”

“కనకయ్య నన్ను కొట్టి బయటికి నూకిననాడు ఎవ్వరడగలేదు, అది పాపమా అని.”

“అది వేరమ్మా.”

“నమ్మితె చాలని మీరే చెప్తరు గదా అయ్యగారూ. నమ్మిన దినమే నిత్యజీవం దొరికినట్టే అంటరు. మరి నేను నమ్మిన గదా?”

“నీ విశ్వాసం మీద నాకు అనుమానం లేదు. కానీ నమ్మినవాడు లోబడతాడు. లోబడకపోతే అదేం విశ్వాసం? ఆ ఒక్క అడ్డు తొలగించుకో. నీ దారి నీకు తెరుచుకుంటుంది.”

“నేను ఇడిస్తె ఆయనకు నీళ్లిచ్చేదెవరు?”

“సంఘమంతా ప్రార్థన చేస్తుంది.”

స్వరాజ్యం తొట్టి వైపు చూసింది.

“అక్కడ, ఆ బతుకుల, బాబూ మియా ఉండడా అయ్యగారూ?”

“ఆయన సంగతి ఆయనది. నువ్వు నీ ఆత్మ సంగతి చూసుకో.”

ఆమెకు భయం. చావంటే కాదు. చచ్చాక బయట నిలబడడమంటే భయం. ఆకలి లేని, ఏడుపు లేని ఆ బతుకు గురించి పాస్టరు గారు చెబుతుంటే ఆమె వెనక చాప మీద కూర్చుని ఎన్నిసార్లు విన్నదో. విన్న ప్రతిసారీ తలుపు లోపల అందరూ కూర్చుని పాడుతున్నట్టు, తను బయట చెప్పుల దగ్గర నిలబడ్డట్టు అనిపించేది. ఈ బతుకులో ఎట్లాగూ అదే చోటు. అక్కడ కూడానా?

ఖాళీ బిందె చంకన పెట్టుకుని మళ్లీ నల్లా దగ్గరికి పోయింది. ధార ఆగిపోయింది.

*

బాబూ మియా మంచం మీద కూర్చుని, ఒళ్లో దిండు పెట్టుకుని, దాని మీదికి వంగి ఊపిరి తీసుకుంటున్నాడు. పడుకుంటే ఊపిరాడదు. ఒకప్పుడు దూది ఏకే విల్లు భుజాన వేసుకుని పంజగుట్ట, ఎర్రమంజిల్ క్వార్టర్లన్నీ తిరిగిన మనిషి. విల్లు తాడు మీటుకుంటూ వీధిలోకి వస్తే పాత పరుపులు, పాత బొంతలు బయటికి వచ్చేవి. గది తలుపులు మూసుకుని పొద్దంతా దూది ఏకేవాడు. జుట్టూ కనుబొమ్మలూ తెల్లగా అయి బయటికి వచ్చేవాడు. జుట్టు మీది నూగు దులుపుకుంటే పోయింది. ఛాతీలోకి పోయింది మాత్రం అక్కడే ఉండిపోయింది.

స్వరాజ్యం ఆవనూనె వేడి చేసి అతని వీపు రుద్దుతున్నది. పక్కటెముకలు చేతికి తగులుతున్నాయి.

“ఏమన్నడు మీ అయ్యగారు?”

“ఏమంటడు? తొట్టి నిండిందా అన్నడు.”

“ఝూటీ మాటలొద్దు. బస్తీ అంత తెల్సు. నన్నిడిస్తె నిన్ను ముంచుతడంట గదా.”

“బస్తీ నోట్ల మన్నువడ. నువ్వు ముంగటికి ఒంగు, నూనె కారుతుంది.”

అతను వంగాడు. దగ్గు తెర వచ్చి పోయేదాకా ఆమె అతని నుదురు పట్టుకుంది. ఇన్నేళ్లలో అతను ఆమెను కలిమా చదవమనలేదు. ఆమె అతన్ని మందిరానికి రమ్మనలేదు. ఒకే గదిలో ఎవరి మూలన వాళ్లు కూర్చుని ఎవరి ప్రార్థన వాళ్లు చేసుకునేవారు. ముందు ముగించినవాళ్లు పొయ్యి రాజేసేవారు.

“స్వరాజ్యం, మునిగితె ఇగ చావుండదా?”

“చావుంటది. చచ్చినంక బతుకుంటది.”

“ఎన్ని దినాలు?”

“ఎప్పటికి.”

బాబూ మియా దిండు మీంచి తలెత్తాడు.

“ఎప్పటికి అంటె మస్తు దినాలే. నేనేమో నాలుగు దినాల మనిషిని. నా నాలుగు దినాల కోసం నీ ఎప్పటిది పోగొట్టుకుంటవా? గిదేం బేరమే పిచ్చిదానా?”

“నా ఆత్మకు బేరం నువ్వు చేస్తవా? నోరు మూస్కొని పండు.”

“పండుకుంటె ఊపిరాడదని తెల్సు గదా,” అని నవ్వాడతను.

“అట్లయితె నోరన్న మూస్కో,” అంది గానీ, ఆమె చెయ్యి అతని వీపు మీద చాలాసేపు ఉండిపోయింది.

*

శనివారం మధ్యాహ్నానికి తొట్టి నిండింది. మందిరం కడిగి, గోడ వారన చాపలు చుట్టిపెట్టి స్వరాజ్యం ఇల్లు చేరేసరికి మంచం ఖాళీగా ఉంది. దిండు లేదు. అతని చెంబు లేదు. బతూల్ గుమ్మంలోనే కూర్చుని ఉంది.

“ఎక్కడ పోయిండు?”

“దిలావర్ భాయ్ వచ్చి రిక్షల తీస్కపోయిండు. సనత్‌నగర్, రబియా ఆపా ఇంటికి. బాబూ భాయే కబురు పంపి పిలిపించుకుండు. నేను వద్దన్న స్వరాజ్యం, కసమ్ తిని చెప్తున్న. వినలే.”

రబియా అతని చెల్లెలు. దిలావర్ ఆమె మొగుడు.

“ఏమన్న చెప్పిండా?”

“మునిగినంకనే కనవడమన్నడు. అంతదాక రావొద్దన్నడు.”

స్వరాజ్యం మంచం కోడు పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత తిట్టడం మొదలుపెట్టింది. ముసలాడికి మతి పోయిందన్నది. చెల్లెలింట్లో వీపు రుద్దేదెవరన్నది. శొంఠి కాచి ఇచ్చేది దిలావరా అన్నది. తిట్టి తిట్టి మంచం మీద కూలబడింది.

అప్పుడే లేచి సనత్‌నగర్ బస్సెక్కవలసింది. కొంగు సవరించుకుని లేచింది కూడా. సరిగ్గా అప్పుడు కమలకుమారి గొడుగు వేసుకుని, ఎండకు ఎర్రబడ్డ మొహంతో వచ్చింది. ఈ బస్తీలో కబురు నీళ్లకన్నా ముందు పారుతుంది.

“దేవుడు ఎంత కార్యం చేశాడు స్వరాజ్యం! ఆయనంతట ఆయనే వెళ్లిపోయాడటగా! అయ్యగారు రేపు నీకు కూడా ఇస్తానన్నారు. ఇదిగో, అంగీ నీ కొలతకి సరిపోతుందేమో చూడు.”

అది బాప్తిస్మం తీసుకునేవాళ్లు వేసుకునే తెల్ల అంగీ. ఇన్నాళ్లూ ఎవరెవరివో ఉతికి, గంజి పెట్టి, మడత పెట్టింది స్వరాజ్యమే. అది చేతికి రాగానే గుండెలో ఏదో ఎగిసింది. సంతోషం! మంచం ఖాళీ అయి ఇంకా పూట గడవలేదు, ఈ సిగ్గులేని సంతోషం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు. అతను తనంతట తను పోయాడు, తను పంపలేదు, తను విడవలేదు అని కమలకుమారితో చెప్పాలి. చెప్పలేదు. రేపు మునుగుతా, సాయంత్రానికి పోయి తోలుకొస్తా అనుకుంది. ఒక్క పూట. ఒక్క పూటకు దేవుడేమన్నా అనుకుంటాడా?

అంగీని ఛాతీకి ఆనించి కొలత చూసుకుంది.

*

ఆదివారం మందిరం కిక్కిరిసిపోయింది. కామరాజు గారి బంధువులు కార్లలో, స్కూటర్ల మీద దిగారు. వేదిక మీది చెక్కలు గోడకు ఆనించి ఉన్నాయి. పాస్టరు గారు తెల్ల పంచెతో ముందుగా తొట్టిలోకి దిగారు. ఆయన వెనక కామరాజు గారు మెట్లు తడుముకుంటూ దిగారు.

“యేసు ప్రభువును నీ సొంత రక్షకుడిగా నమ్ముతున్నావా?”

“నమ్ముతున్నానండీ.”

తండ్రి పేర, కుమారుని పేర, పరిశుద్ధాత్మ పేర ఆయన్ని వెనక్కి వాల్చి ముంచి లేపారు. నీళ్లు అంచులు దాటి నేల మీదికి పారాయి. మందిరమంతా హల్లెలూయ అని మోగింది. అంతే. పాస్టరు గారు ఇంకేమీ అడగలేదు. పోయిన ఏడు కామరాజు గారు కట్టిస్తున్న మేడ మీంచి పడి కూలీ రాజనర్సయ్య చచ్చిపోతే, అతని పెళ్లాన్ని మాట్లాడనివ్వకుండా మర్నాడే ఊరి బస్సెక్కించారని బస్తీకంతా తెలుసు. పాస్టరు గారికి ఇంకా బాగా తెలుసు. ఆ చావింటికి ప్రార్థనకు వెళ్లింది ఆయనే. తొట్టి దగ్గర ఆ ఊసు రాలేదు.

స్వరాజ్యం దిగింది. నీళ్లు చల్లగా ఛాతీ దాకా వచ్చాయి. ఎన్నిసార్లు ఈ తొట్టిలో దిగి పాచి గోకిందో, ఎన్నిసార్లు అడుగునీళ్లు తోడిందో. నిండుగా ఉన్నప్పుడు దిగడం ఇదే మొదలు.

“నమ్ముతున్నావా?”

“నమ్మిన అయ్యగారూ. ఎప్పుడో నమ్మిన.”

పాస్టరు గారి చెయ్యి వీపు మీదికి వచ్చింది. రెండో చేత్తో ఆమె రెండు చేతులూ ఛాతీ మీద కలిపి పట్టుకున్నారు. స్వరాజ్యం కళ్లు మూసుకుని ఊపిరి బిగబట్టింది. ఆయన వాల్చలేదు.

“సంఘం ముందు ఒక్క మాట చెప్పమ్మా. ఆ మనిషిని విడిచిపెట్టావా?”

ఆమె కళ్లు తెరిచింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. తల తుడుచుకుంటున్న కామరాజు గారు కూడా చూస్తున్నారు. ఇడిచిన అంటే చాలు. బాబూ మియా ఇంట్లో లేడు, మంచం ఖాళీ, బస్తీ అంతా సాక్ష్యం. ఒక్క మాట. నోరు తెరిచింది.

“ఆయనే పోయిండు అయ్యగారూ. నేను ఇడిచిపెట్టలే. మాపటికి పోయి తోల్కొస్త.”

పాస్టరు గారు వంగి, ఆమె చెవిలో, బతిమాలుతున్నట్టు అన్నారు.

“విడిచిపెట్టానని చెప్పమ్మా. ఇప్పుడైనా చెప్పు. నేను ముంచేస్తాను.”

“నీళ్లల్ల నిలవడి అబద్ధం ఎట్ల చెప్పాలె అయ్యగారూ?”

వీపు మీది చెయ్యి తీసేశారు. “పైకి వెళ్లు,” అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. అందుకే ఇంకా ఎక్కువ మండింది స్వరాజ్యానికి. కోపపడితే ఎదురు తిట్టేది. ఛాతీ దాకా తడిసి, తల పొడిగా, మెట్లెక్కి బయటికి వచ్చింది. తువ్వాలు పట్టుకుని నిలబడ్డ కమలకుమారి ఆమె మొహం చూడలేకపోయింది. స్వరాజ్యం వెనక్కి పోయి చీర మార్చుకుని, అంగీ పిండి దండెం మీద వేసి, ఆ రోజు గ్లాసులు కడగకుండానే బయటపడింది.

*

బస్సులో ఆలోచించింది. ముంచలేదంటే బాబూ మియా రాడు. మళ్లీ పో, మునిగి రా, అంతదాకా నేను ఇక్కడే ఉంటా అంటాడు. మొండిఘటం. అయిపోయింది అని చెబితే? వచ్చిన పని అయిపోయింది కనుక దిండు చంకన పెట్టుకుని వచ్చేస్తాడు. అయితే తల పొడిగా ఉంది. మందిరం నుంచి తడితలలతో బయటికి వచ్చేవాళ్లను ఎన్నోసార్లు చూసిన మనిషి అతను.

సనత్‌నగర్‌లో దిగి, ఫ్యాక్టరీ గోడ పక్క బోరింగు దగ్గర జుట్టు విప్పి తల వంచింది. ఒక చేత్తో బోరింగు కొడుతూ, ఇంకో చేత్తో నీళ్లు నెత్తి మీదికి తోసుకుంది.

“ఏమైందక్కా, ఎండకు కండ్లు తిరిగినయా?” అంది బిందె పట్టుకున్న ఒకావిడ. తనే వచ్చి బోరింగు కొట్టింది. స్వరాజ్యానికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నీళ్లలో ఏవి కన్నీళ్లో ఆ మహాతల్లికి తెలియలేదు.

రబియా ఇంటి వసారాలో బాబూ మియా దిండు మీద వంగి కూర్చుని ఉన్నాడు. ఒక్క రోజులోనే మెడ ఇంకా సన్నబడ్డట్టు కనిపించాడు. తలెత్తి ఆమె జుట్టు చూశాడు.

“అయ్యిందా?”

“అయ్యింది.”

అతను రెండు చేతులూ పైకెత్తి, పెదాలు కదిలించి, మొహం తుడుచుకున్నాడు. కళ్లు నిండాయి.

“రబియా! అరే రబియా! అయ్యిందంట! నోరు తీపి చెయ్యి దీనికి, చక్కెరన్న పట్రా!” అని అరవబోయి దగ్గు తెరలో పడిపోయాడు. స్వరాజ్యం వీపు నిమరబోతే చెయ్యి పక్కకు తోశాడు. తోసి కూడా నవ్వుతూనే ఉన్నాడు.

రబియా చక్కెర తెచ్చి నోట్లో పోసింది. స్వరాజ్యం మింగింది.

“ఇగ పద. రిక్ష పిలుస్త.”

“ఎక్కడికి?”

“ఇంటికి. ఇంకెక్కడికి?”

బాబూ మియా ఆమెను వింతగా చూశాడు.

“ఇంకెక్కడి ఇల్లు స్వరాజ్యం? నువ్విప్పుడు పాక్ అయినవు. నేనొస్తె అది ఖరాబైతది గదా. గంత కష్టపడి మునిగి, మళ్ల నా మంచం కాడికే వస్తవా? పో. మంచిగుండు. నా ఫికర్ చెయ్యకు.”

“ఏం ఖరాబు గాదు.”

“మీ అయ్యగారన్నడా, ఖరాబు గాదని? నీ దేవుని మీద ఒట్టు పెట్టు.”

ఒట్టు పెట్టలేకపోయింది. నిజం చెబుదామా అనుకుంది. నోటి దాకా వచ్చింది. చెప్పినా అతను రాడు, పైగా ఆ మొహంలో వెలుగు పోతుంది. ఇన్నేళ్లలో ఆమె అతనికి ఒక పండగ బట్ట కొనిచ్చింది లేదు, ఇంత సంతోషం ఎన్నడూ ఇచ్చింది లేదు. ఇచ్చింది ఇప్పుడు, అది కూడా అబద్ధం. దాన్ని వెనక్కి తీసుకోవడానికి చేతులు రాలేదు. తను వేసిన గడియ తనకే పడింది.

“బుధారం వస్త. జొన్నగటక తెస్త. తింటవా?” అంది.

“దూరంకెల్లి ఇచ్చిపో,” అన్నాడు బాబూ మియా. “దగ్గర కూసోకు.”

*

బుధవారం నల్లా వచ్చే రోజు. బిందె ఇంకా వరుసలో ఉండగానే దిలావర్ సైకిల్ మీద వచ్చాడు. సైకిల్ దిగి, వెనక క్యారియర్ తువ్వాలుతో తుడిచి ఆమె వైపు తిప్పాడు. స్వరాజ్యానికి అర్థమైంది. గటక గిన్నె పొయ్యి మీదనే ఉంది. దాన్ని దించమని బతూల్‌కు చెప్పి, అతని సైకిల్ వెనక కూర్చుంది.

పొద్దున్నే ఊపిరి అందక పోయాడట. స్నానం చేయించి, తెల్లబట్ట చుట్టి, మొహం తెరిచి ఉంచారు. రబియా ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది, ఎవరేమంటారో అని చూడలేదు.

“నిన్న దినమంత నీ మాటే వదినా. వచ్చినోళ్లకల్ల చెప్పిండు. స్వరాజ్యం ఎప్పటికి బతుకుతది, నేనే పంపిన, నేను పంపకుంటె పోకపోవు అని. గంత ఖుషీగ నేనెప్పుడు చూడలే.”

రబియా ఆమెను వదినా అని పిలవడం అదే మొదటిసారి. స్వరాజ్యం ఆడవాళ్ల చివర గోడకు ఆనుకుని కూర్చుంది. పెళ్లాం కాదు, చుట్టం కాదు, గట్టిగా ఏడిచే హక్కు లేదు. జనాజా లేచి సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడింది. తన చేతులకు ఇంకా ఆవనూనె వాసన వస్తున్నట్టే ఉంది. ఆఖరి రోజుల్లో ఆ వీపు ఎవరు రుద్దారో అడగాలనుకుంది. అడగలేదు.

*

శుక్రవారం సాయంత్రం పాస్టరు గారూ కమలకుమారీ ఆమె ఇంటికి వచ్చారు. కమలకుమారి ఒక గిన్నెలో అన్నం, పప్పు తెచ్చింది. కూర్చోవడానికి మంచం తప్ప ఏమీ లేదు. ఆ మంచం మీదనే కూర్చున్నారు. దైవాధీనం గారి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆయనకు నిజంగానే బాధగా ఉంది.

“దేవుడి మార్గాలు మనకి తెలీవు స్వరాజ్యం. ఆ రోజు తొట్టిలో నిన్ను అలా పంపించినప్పటి నించీ నాకు నిద్రలేదు. సరే. అడ్డు తొలగింది. వచ్చే నెల బాప్తిస్మాలున్నాయి. నీకు ముందు ఇస్తాను. ఈసారి వేరే ఏమీ అడగను. నమ్ముతున్నావా అని ఒక్కటే అడుగుతాను.”

స్వరాజ్యం నేల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. ఆమె ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన మాట అది. మంచం మీద, బాబూ మియా కూర్చునే చోట కూర్చుని చెప్పారాయన.

“నాకయ్యింది అయ్యగారూ,” అంది.

“ఏమయింది?”

“బాప్తిస్మం.”

“అదేంటి స్వరాజ్యం? ఎక్కడ? ఎవరిచ్చారు?” అంది కమలకుమారి కంగారుగా.

“ఎవ్వరియ్యలే. బోరింగు కాడ తల తడుపుకొని పోయి, మునిగిన అని బాబూ మియాకు అబద్ధం చెప్పిన. ఆయన నమ్మిండు. మూడొద్దులు అందరికి చెప్పుకొని, సంబురంగ పోయిండు. ఇప్పుడు నేను మీ తొట్ల మునిగితె ఆయన నమ్మింది అబద్ధమైతది.”

“అది అబద్ధమే కదమ్మా.”

“మీకు అబద్ధం. నాకు అబద్ధం. ఆయనకు గాదు. నమ్మితె చాలని మీరే గదా చెప్పేది?”

“నీ ఆత్మ సంగతి ఆలోచించుకో. నిత్యజీవం సంగతి...”

“గదే ఆలోచిస్తున్న. ఆ ఎప్పటి బతుకుల ఆయన నా ముంగట పడ్తె ఏం చెప్పాలె అయ్యగారూ? నువ్వు చస్తివి, అడ్డు పోయింది, అప్పుడు మునిగిన అని చెప్పాల్నా?”

కమలకుమారి కళ్లొత్తుకుంది. ఇట్లాంటప్పుడు దైవాధీనం గారికి తెలిసిన పని ఒకటే, ప్రార్థన చేద్దామని చేతులు జోడించి తలవంచారు. మాట రాలేదు. చూసి చూసి చివరికి స్వరాజ్యమే కళ్లు మూసుకుని, తనకు వచ్చిన నాలుగు ముక్కల్లో, గట్టిగా ప్రార్థన చేసింది. అన్నం తెచ్చినందుకు అమ్మగారిని చల్లగా చూడమంది. అయ్యగారికి నిద్ర ఇయ్యమంది. బాబూ మియాకు ఇప్పుడు ఊపిరి మంచిగా ఆడుతుందో లేదో చూడు ప్రభువా, వీపు రుద్దేటోళ్లు ఎవరన్న ఉన్నరో లేరో చూడు అంది.

ప్రార్థన అయిపోయింది. దానికి ఆమేన్ అనవచ్చో కూడదో తెలియక పాస్టరు గారు తలవంచుకుని అట్లాగే కూర్చున్నారు.